మర్యాదగా పిలిచిన ఉద్యోగం

మా జిల్లాలో నకిలీ ఉద్యోగానికి మోసపోయిన మొదటి మనిషి ఏ మామూలు నిరుద్యోగో అయివుంటే ఈ కథ ఉండేది కాదు. అతను మా జాయింట్ డైరెక్టరు గారి బావమరిది. ఫోన్లో ప్రకటన చూసి, విమానాశ్రయంలో సామాన్ల మేనేజరు ఉద్యోగం కోసం అడిగినంతా కట్టి, కొత్త బూట్లు వేసుకుని డ్యూటీలో చేరడానికి వెళ్ళాడు. గేటు దగ్గర కాపలా మనిషి లోపలికి పోనివ్వలేదు గానీ, ఎండలో నిలబడ్డాడని మంచినీళ్ళిచ్చాడట. ఆ మొత్తం వ్యవహారంలో ఎవరైనా సరిగ్గా చేసిన పని అదొక్కటే.

వారం తిరక్కుండా మా ఊళ్ళో 'నకిలీ ఉద్యోగ నివారణ విభాగం' వెలిసింది. పాత పశువుల ఆస్పత్రి మేడ మీద రెండు గదులు, నాలుగు బీరువాలు, ఒక ప్రత్యేకాధికారి, ఒక సూపరింటెండెంటు. నిబంధనల ప్రకారం ధ్రువీకరణ సంఘంలో 'విశ్రాంత విద్యావంతుడు ఒకరు' ఉండాలి. ముప్పై ఒక్కేళ్ళు జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పాను కాబట్టి నన్ను పిలిచారు. మా ఇంటావిడ కామేశ్వరి పోయాక ఇంట్లో మధ్యాహ్నాలు కదలడం లేదు. ఆ ఆఫీసులో మంచి ఫ్యాను ఉంది. సూపరింటెండెంటు మంగతాయారు గారు ఫ్లాస్కులో అల్లం టీ తెస్తారు. ఒప్పుకున్నాను.

మొదటి సమావేశంలోనే ప్రత్యేకాధికారి యజ్ఞేశ్వరరావు గారు విభాగానికి సిద్ధాంతం ప్రసాదించారు.

"మాస్టారూ, నకిలీని పట్టాలంటే ముందు అసలును నిర్వచించుకోవాలి. అసలైన ఉద్యోగానికి నాకంటే నిదర్శనం ఎవరు? ఎనభై ఎనిమిదిలో పరీక్ష రాశాను. తొంభై అయిదులో ఉత్తర్వు వచ్చింది. ఆ ఏడేళ్ళూ ఆఫీసు చుట్టూ తిరిగితే ఒక్కడు కూర్చోమన్నాడా? ఒక్కడు మొహం ఎత్తి చూశాడా? ఉద్యోగమంటే అదీ!"

"నాకైతే తొమ్మిదేళ్ళండి," అన్నారు మంగతాయారు గారు, టీ పోస్తూ. "మా ఆయన్ని ఆ క్యూలోనే చూశాను. అప్పటికి ఆయనది ఆరో ఏడు."

"విన్నారా! మరి ఈ మోసగాళ్ళు ఏం చేస్తారు? రెండ్రోజుల్లో ఉద్యోగం ఇస్తామంటారు. నవ్వుతూ మాట్లాడతారు. అడిగిన ప్రశ్నకి జవాబు చెబుతారు. ఇవన్నీ అసలైన సంస్థ లక్షణాలేనా?"

"డబ్బు అడగడం కూడా ఒక లక్షణం కదండీ," అన్నాను.

"రాయండి. అది పదోది."

అలా పది ప్రశ్నల 'నకిలీతన సూచిక' తయారైంది. జవాబు ఎన్నాళ్ళలో వచ్చింది? అభ్యర్థిని కూర్చోమన్నారా? ఫోను ఎన్నోసారికి ఎత్తారు? ఉత్తర్వు మీద ముద్రలు ఎన్ని? సంతకం చదవడానికి వీలుగా ఉన్నదా? ఉన్నచో ఏల? ఈ తరహాలో. పదికి ఆరు దాటితే నకిలీ. ఆపైన సర్క్యులర్ వెళ్ళింది: 'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, జిల్లా వాస్తవ్యులు అంతర్జాలము ద్వారా పొందిన ఏ ఉద్యోగములోనైనను ఈ విభాగము వారి వాస్తవికతా పత్రము లేనిదే చేరరాదు. చేర్చుకొనిన యాజమాన్యములు మోసమునకు సహకరించినట్లు భావింపబడును.'

విభాగానికి వచ్చిన మొదటి పెద్ద ఫైలు 'అఖిల భారత తీరప్రాంత గిడ్డంగుల మండలి' వారిది. ఆ పేరు మేమెవరం అంతకుముందు వినలేదు. నలభై మూడు మంది కుర్రాళ్ళకి గిడ్డంగి సహాయకుల ఉద్యోగాలు ఇవ్వబోతోందట. ప్రకటన ఫోన్లోనే వచ్చినా ఉత్తరం రిజిస్టర్డు పోస్టులో వచ్చింది. కవరు మీదే మూడు ముద్రలు. లోపల సంతకం ఆకుపచ్చ సిరాతో, కప్ప గెంతినట్టు ఉంది. యజ్ఞేశ్వరరావు గారు నిలబడి చదివారు.

"'మీ దరఖాస్తు లోపభూయిష్టముగా నున్నందున సంజాయిషీ కోరడమైనది. పదిహేను దినములలో సమాధానమివ్వనిచో తగు చర్య గైకొనబడును.' ఆహా! మాస్టారూ, ఉద్యోగం ఇస్తూ కూడా ఎలా గద్దిస్తున్నారో చూడండి. ఇలాంటి ఉత్తరం చూసి ఎన్నాళ్ళయింది!"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"చివర్లో డబ్బు అడిగారండి," అన్నారు మంగతాయారు గారు మెల్లిగా.

"ఎక్కడ అడిగారమ్మా? ధ్రువపత్రాల పరిశీలనా రుసుముకి చలానా కట్టమన్నారు. అడగడానికీ, చలానాకీ తేడా లేదూ?"

మార్కులు వేశాం. నకిలీతనం పదికి సున్న. వాస్తవికతా పత్రం తయారు చేసి, 'ఈ విభాగము సిఫార్సు చేయుచున్నది' అని నోటీసు బోర్డుకు కూడా అంటించారు. దాని మీద మూడో సంతకం నాది. ఏదో తేడాగా ఉందని అనిపించింది గానీ, అప్పుడే రెండో కప్పు టీ వచ్చింది.

జూన్ నెలలో ఎస్తేరు వచ్చింది.

గుమ్మంలో చూడగానే గుర్తుపట్టాను. కామేశ్వరి ఆస్పత్రిలో ఉన్న చివరి నాలుగు నెలలూ రోజూ రక్తం తీసేవాళ్ళు. నరం దొరక్క ఒకరు నాలుగు పోట్లు పొడిచేవారు, ఇంకొకరు ఆరు. ఎస్తేరు వంతు వచ్చిన రోజున మాత్రం కామేశ్వరి ముందే చెయ్యి చాపేది. ఎస్తేరు ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని వెచ్చగా రుద్దుతూ, "అమ్మా, ఇడ్లీకి మీరు మినప్పప్పు ఎంత పోస్తారండీ?" అని అడిగేది. కామేశ్వరి కొలత చెప్పి, రవ్వ సంగతికి వచ్చేసరికి పనైపోయేది. ఒక్క పోటు. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న. నిన్న చెప్పాను కదా అని కామేశ్వరి ఒక్కసారీ అనలేదు. ఈ ముచ్చట మంగతాయారు గారికి టీ తాగుతూ ఎన్నోసార్లు చెప్పాను.

"మేస్టారూ, మీరిక్కడున్నారా! బతికాను," అంది ఎస్తేరు. ఆ మాటకి నాకు సిగ్గేసింది.

ఆమె పనిచేసే ల్యాబు ఫిబ్రవరిలో మూసేశారు. ఇంట్లో కూతురు, తల్లి, తను. సంపాదించేది తనొక్కతే. విశాఖలో ఒక ఆస్పత్రి వాళ్ళు ఉద్యోగం ఇచ్చారు. రాబోయే సోమవారం చేరాలి, లేకపోతే తర్వాత మనిషికి ఇచ్చేస్తారు. ఆస్పత్రి వాళ్ళకి మా సర్క్యులర్ అందింది. చట్టానికి భయపడే మనుషులు కావడం వల్ల, పత్రం తెచ్చుకోమన్నారు. ఆ రోజు బుధవారం.

యజ్ఞేశ్వరరావు గారు సూచిక తీశారు. "ప్రకటన ఎప్పుడు చూశారు?"

"పోయిన మంగళవారమండి."

"ఉత్తర్వు?"

"శుక్రవారమండి."

ఆయన నావైపు చూసి కనుబొమలు ఎగరేశారు. "ఎన్నిసార్లు తిరిగారు వాళ్ళ చుట్టూ?"

"తిరగలేదండి. ఒకసారి వీడియోలో మాట్లాడారు. ఒకసారి రమ్మని పని చేయించి చూశారు."

"కూర్చోమన్నారా?"

"ఆయ్. మజ్జిగ కూడా ఇచ్చారండి."

"మజ్జిగ!" ఆయన రాసుకున్నారు. "ముద్రలు?"

"ఒకటుందండి."

"సంతకం?"

"హైమావతి గారని చక్కగా కనపడతందండి."

"అమ్మా, మీ మంచికి చెబుతున్నాను. ఇంత పచ్చిగా కనపడుతున్న మోసాన్ని నా సర్వీసులో చూడలేదు."

ఎస్తేరుకి కోపం వచ్చింది. కోపంలో కూడా 'అండి' పోలేదు. "నేను ఒకసారి మోసపోయినదాన్నేనండి. ఇంటి దగ్గర టైపింగని చెప్పి పుస్తెల గొలుసు పోగొట్టారు. అందుకే ఈసారి వాళ్ళు పంపిన నెంబరు నమ్మలేదు. ఆస్పత్రి నెంబరు వేరేచోట వెతికి నేనే చేశాను. ఆదివారం చెప్పకుండా మళ్ళీ బస్సెక్కి వెళ్ళి చూసొచ్చాను. ల్యాబు మెట్ల కింద ఉందండి. అందులో పనిచేసే అమ్మాయిని జీతం నెలనెలా పడతందా అని అడిగాను. పైసా కట్టమనలేదు, సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోలేదు. ఇంకేం చూడాలండి?"

నాకు తెలిసి ఆ గదిలో నకిలీ ఉద్యోగాల గురించి ఎవరైనా పలికిన తెలివైన మాటలు అవే. యజ్ఞేశ్వరరావు గారు సూచికను పైనుంచి కిందకి, కిందనుంచి పైకి చూశారు. "స్వయంగా వెళ్ళి చూచుట... దీనికి కాలమ్ లేదమ్మా."

"ఆస్పత్రికి ఒకసారి ఫోన్ చేద్దామండీ," అన్నాను.

ఒక్క రింగుకే ఎత్తారు. "నమస్కారమండీ, హైమావతిని మాట్లాడుతున్నాను. ఎస్తేరు గారి విషయమా? ఏం కావాలో చెప్పండి సార్, వెంటనే పంపిస్తాను."

యజ్ఞేశ్వరరావు గారు ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, "వెంటనేనట!" అన్నారు మాతో. మళ్ళీ ఫోన్లో, "చూడండమ్మా, మీరు ఇంత మర్యాదగా మాట్లాడితే మేము మిమ్మల్ని ఎలా నమ్మాలి?" అని అడిగారు.

"సారీ అండీ," అంది ఆ అమ్మాయి.

"అదిగో, మళ్ళీ!"

నకిలీతనం పదికి ఎనిమిదిన్నర. డబ్బు అడగనందుకు ఒక మార్కు పోయింది. మిగతా అర మార్కు ఎందుకు తగ్గిందంటే మధ్యలో ఒకసారి లైను కట్టయింది.

ఎస్తేరు నాతోపాటు మెట్లు దిగింది. కింద పశువుల ఆస్పత్రి తాలూకు ఖాళీ తొట్టి గట్టు మీద కూర్చుంది. "ఆ టైపింగోళ్ళు నన్ను మోసం చేసినప్పుడు కూడా ఇంత ఏడుపు రాలేదండి మేస్టారూ," అంది. "వాళ్ళు దొంగలని తెలుసు కదా."

ఆమె చేతులవైపు చూశాను. నాలుగు నెలలు ఆ చేతులు మా ఇంటావిడకి చేసిన ఉపకారానికి నేనేమీ ఇవ్వలేదు. ఇవ్వబోతే తీసుకోలేదు కూడా. సాయంత్రం ఇంటికి వెళ్ళి హైమావతి గారికి ఫోన్ చేశాను.

"అమ్మా, మీ ఆస్పత్రి అసలైనదని రుజువు కావాలంటే మీరు కాస్త చెడిపోవాలి."

"ఏం చెయ్యాలండీ?"

"ముందుగా, మా ఆఫీసు నుంచి ఫోనొస్తే ఎత్తకండి."

"ఆస్పత్రి కదండీ, ఎత్తకపోతే ఎలా? ఎవరికి ప్రాణం మీదకొచ్చిందో."

"మా నెంబరు ఇస్తాను, అదొక్కటే. నాలుగోసారి ఎత్తి, 'సంబంధిత అధికారి సీట్లో లేరు' అనండి."

"సంబంధిత అధికారిని నేనే కదండీ. సీట్లోనే ఉంటాను."

"ఉన్నా లేరనాలమ్మా."

"సరేనండి." రాసుకుంటున్న చప్పుడు వినపడింది. "చివర్లో థాంక్యూ అనొచ్చా?"

"వద్దు. అంతా పాడవుతుంది. రేపు రండి అని పెట్టేయండి."

"సార్, నాకు కోపంగా మాట్లాడటం రాదండి. ఇంట్లో పిల్లలు కూడా వినరు."

"కోపం అక్కర్లేదమ్మా. కోపం ఉంటే అవతల మనిషి ఉన్నాడని ఒప్పుకున్నట్టు. ఏమీ లేనట్టు మాట్లాడాలి."

ఆ తర్వాత ఉత్తరం చెప్పి రాయించాను. ముప్పై ఒక్కేళ్ళు పిల్లలకి పువ్వుల్లో భాగాలు చెప్పినవాణ్ణి, అంత కర్కశంగా రాయగలనని నాకూ తెలియదు. 'పొరపాటున త్వరితముగా జారీ కాబడిన నియామకపు ఉత్తర్వు ఇందుమూలముగా రద్దు చేయడమైనది. తిరిగి జారీ చేయు విషయము పరిశీలనలో నున్నది. ఈ విషయమై ఉత్తర ప్రత్యుత్తరములు జరుపరాదు.' హైమావతి గారు రాస్తూ రాస్తూ ఆగి, "పాపం, ఎస్తేరు గారు బాధపడరాండీ?" అని అడిగింది. ఆమెకి నేను చెబుతానన్నాను.

ముద్రలకి కరువొచ్చింది. ఆస్పత్రిలో దొరికినవన్నీ కొట్టించాను. ఒకటి మందుల దుకాణంది. ఒకటి వంటశాలది. మూడోది ల్యాబులో రిపోర్టుల మీద వేసే 'పరగడుపున' అన్న ముద్ర. ఆకుపచ్చ పెన్ను పిల్లల డాక్టరు దగ్గర దొరికింది. సూది వేశాక ఆయన పిల్లల చేతి మీద చిలకబొమ్మ గీసేది దాంతోనే.

ఉత్తరం శనివారం ఉదయం మనిషితో వచ్చింది. యజ్ఞేశ్వరరావు గారు రెండుసార్లు చదివారు. మూడో ముద్రని వెలుతురుకి పెట్టి చూశారు.

"ఇదేదో పై స్థాయి కార్యాలయం ముద్రలా ఉంది, మాస్టారూ."

"పరగడుపున వేసినట్టున్నారండి," అన్నాను. అబద్ధం కాదు.

ఫోన్ చేశారు. ఎత్తలేదు. మళ్ళీ చేశారు. ఎత్తలేదు. మూడోసారి ఎవరో ఎత్తి పక్కన పెట్టేశారు. ఆయన మొహంలో వెలుగు మొదలైంది. నాలుగోసారి హైమావతి గారి గొంతు, గుండె గట్టిచేసుకున్న గొంతు, వినపడింది. "సంబంధిత అధికారి సీట్లో లేరు. రేపు చేయండి."

"రేపు ఆదివారం కదమ్మా!"

ఇది మేము అభ్యాసం చెయ్యలేదు.

"అయితే ఎల్లుండి చేయండి," అని ఫోన్ పెట్టేసింది.

యజ్ఞేశ్వరరావు గారు ఫోనుని చాలాసేపు అలాగే పట్టుకున్నారు. "మూడ్రోజుల్లో ఎంత మారారు! సంస్థ గాడిలో పడింది. నకిలీవాడికి ఈ నిర్లక్ష్యం రమ్మన్నా రాదు." ఈసారి నకిలీతనం పదికి అర మార్కే. పన్నెండింటికల్లా పత్రం మీద సంతకం పెట్టారు. మంగతాయారు గారు ముద్ర వేసి, కాగితం నా చేతికిస్తూ, "ఇడ్లీకి రవ్వ ఎంత పొయ్యాలో ఆ అమ్మాయికి చెప్పి పంపండి," అన్నారు. ఆవిడకి ఎంత తెలుసో నేను అడగలేదు. ఎస్తేరు ఆదివారం బస్సెక్కింది.

ఆ తర్వాతి గురువారం గిడ్డంగుల మండలి కుర్రాళ్ళు వచ్చారు. నలభై మూడు మందీ. మెట్లు చాలక సగం మంది తొట్టి చుట్టూ నిలబడ్డారు. ఉత్తర్వులో రాసిన చిరునామాకి వెళితే అక్కడ ఎండుచేపలు ఆరబెట్టే దిబ్బ ఉందట. చేపలు తిరగేస్తున్న ముసలామె, మీరు మూడో జట్టు నాయనా అని చెప్పి, అందరికీ కూర్చోవడానికి గోనెలు పరిచిందట.

నూకరాజనే కుర్రాడు ముందుకొచ్చాడు. "మాకు ముందే డౌటొచ్చిందండి. మా అక్కయితే డబ్బులడిగేవోడు ఉద్యోగమిస్తాడేంట్రా, కట్టొద్దని మొత్తుకుందండి. మీ గోడ మీద కాయితం చూసి కట్టామండి."

యజ్ఞేశ్వరరావు గారు గొంతు సవరించుకున్నారు. "మా పత్రంలో ఏమున్నది? ఉత్తరము వాస్తవికమైనదని ఉన్నది. ఉత్తరం వాస్తవికమైనదే. ఇప్పటికీ నేను దానికి కట్టుబడి ఉన్నాను. అంత నిఖార్సయిన ఉత్తరం మా శాఖలో కూడా ఎవరూ రాయలేరు."

"మరి ఉద్యోగమండి?"

"ఉద్యోగం ఉన్నదీ లేనిదీ చూడటం ఈ విభాగం పరిధిలోకి రాదు."

నూకరాజు బోర్డు మీద కాగితం పీకి చేతిలోకి తీసుకున్నాడు. సంతకాలు ఒక్కొక్కటే వేలు పెట్టి చూశాడు. "ఈ మూడో ఆయన ఎవరండి?"

"నేనే, బాబూ."

తల ఎత్తి చూశాడు. "మేస్టారూ... మీరు మాకు ఇంటర్లో చెప్పారండి. చిక్కుడు గింజ నానబెట్టించి, మొలక చూపించారండి."

అని నమస్కారం పెట్టాడు. తిట్టివుంటే బాగుండేది.

ఆ రోజు వాళ్ళతో పోలీసు స్టేషనుకి వెళ్ళాను. నలభై మూడు ఫిర్యాదులూ కూర్చుని నేనే రాశాను. ప్రతిదానిలోనూ, ఈ మోసాన్ని నమ్మించినవారు అన్నచోట మా విభాగం పేరు, దాని కింద నా పేరు రాశాను. చీకటిపడేసరికి వేలు నొప్పి పుట్టింది. ఎస్సై గారు ఒక్కసారి మాత్రం, "మీ పేరు మీరే రాసుకుంటున్నారేంటండీ?" అని అడిగి, బల్ల నావైపు జరిపారు.

పైనుంచి విచారణ వచ్చింది. విచారణాధికారి గారు తేల్చిందేమంటే, సిద్ధాంతంలో లోపం లేదు, సూచికలో ప్రశ్నలు సరిపోలేదు. కాబట్టి పదిని నలభైకి పెంచారు. నా రాజీనామా ఆ రోజే ఈమెయిల్లో పంపాను. గంటలో జాయింట్ డైరెక్టరు గారి ఆఫీసు నుంచి, 'ఆమోదించాము, మీ సేవలకు ధన్యవాదాలు' అని వచ్చింది. యజ్ఞేశ్వరరావు గారు దాన్ని కొత్త సూచిక మీద పెట్టి చూసి, నలభైకి ముప్పై ఎనిమిది నకిలీ అని తేల్చారు. నేనింకా సభ్యుడినే.

అయితే కొత్త ఉత్తర్వులో ఒక ముల్లుంది. మండలివారు సున్న మార్కులతో నెగ్గారు గనుక, సున్నకి దగ్గరగా నెగ్గిన ప్రతి పత్రాన్నీ తిరిగి పరిశీలించాలి, యాజమాన్యం సమాధానం అందేవరకు ఫైలు మూయరాదు. అందులో మొదటిది ఎస్తేరుది. కంగారుగా హైమావతి గారికి ఫోన్ చేశాను.

"మీ విభాగం ఉత్తరం వచ్చిందండీ," అంది.

"ఏం చేశారు?"

"ఏమీ చెయ్యలేదండి. ఎవరూ కనపడని చోట పెట్టాను. రెండోసారి పంపితే దాన్ని కూడా అక్కడే పెడతాను." మళ్ళీ తనే, "బాగా చేస్తున్నానాండీ?" అంది.

"ఇంకెవరూ ఇంత బాగా చెయ్యలేరమ్మా," అన్నాను. ఆ ఫైలు ఇప్పటికీ తెరిచే ఉంది. తెరిచి ఉన్నంతకాలం పాత పత్రం చెల్లుతుంది, ఎస్తేరు ఉద్యోగానికి ఢోకా లేదు.

మొదటి జీతం పడిన రోజు ఎస్తేరు ఫోన్ చేసింది. సంతోషంగా మొదలుపెట్టి, మధ్యలో గొంతు తగ్గించింది.

"మేస్టారూ, ఒకటి అడుగుతాను, నవ్వకండి. ఇక్కడ నన్ను ఎవరూ తిట్టట్లేదండి. టైముకి తిన్నావా అని అడుగుతున్నారు. నాకెందుకో లోపల భయంగా ఉంటందండి. ఇది అసలుదేనంటారా?"

నవ్వలేదు. అంత తెలివైన మనిషికి ఆ అనుమానం నేర్పింది ఎవరో నాకు తెలుసు.

"పొద్దున్న మొదట ఎవరికి తీశావు?" అని అడిగాను.

"ఒక పెద్దావిడకండి. డయాలసిస్ మనిషి. చేతులు నల్లగా కమిలిపోయాయి, ఎక్కడా నరం లేదండి."

"ఏం చేశావు?"

"ఏముందండి, చెయ్యి రుద్ది, ఇడ్లీకి మినప్పప్పు ఎంత పోస్తారని అడిగానండి."

"ఎన్ని పోట్లు?"

"ఒక్కటేనండి."

"అయితే అసలుదే," అన్నాను.